సాయంత్రం ఆరు గంటల రిపోర్టు

ఉదయం ఆరున్నరకు కే.జీ.కండిగైలో బస్సు దిగాను. సన్నటి తుంపర. వీపున పాత ఆర్మీ బ్యాగు, అందులో రెండు జతల బట్టలు. పోస్టింగు ఒక మగ్గాల షెడ్డులో, పది రోజులు. ఈసారి శత్రువు సీసాలో ఉన్నాడు.

సర్వీసులో నేను మంచు కొండల మీద రేడియో ఆపరేటరును. ఒక మధ్యాహ్నం కింది పోస్టును మంచు మింగేసింది. "వినబడుతోందా?" అన్న వాళ్ల చివరి పిలుపు నా చెవిలోనే ఉండిపోయింది. పెన్షనుతో ఊరికొచ్చాక దాన్ని రమ్ములో ముంచబోయి నేనే మునిగాను. ఇంకొక్కసారి తాగితే ఆరణిలో పుట్టింటికి పోతానని నా భార్య చెప్పింది. ఆమె ఉత్త మాటలు చెప్పదు.

షెడ్డులో నలుగురు మాజీ సైనికులు. అందరూ తాగి మానినవాళ్లే, ఇప్పుడు మాన్పించేవాళ్లే. షెడ్డు సొంతదారు సుబేదారు, నేతపనివాడు. మిగతావాళ్లు డ్రైవరు, వంటాయన, నర్సింగ్ అసిస్టెంటు.

"ఎట్లుండావు?" అన్నాడు సుబేదారు.

అటెన్షన్‌లో నిలబడ్డాను. "ఆల్ ఓకే, సాబ్." సెల్యూటు మాత్రం ఎడమచేత్తో కొట్టాను.

నలుగురూ పడీపడీ నవ్వారు. "ఆ రిపోర్టు ఇచ్చి ఇచ్చే నేను ఆస్పత్రిలో పడినాను," అన్నాడు డ్రైవరు. నర్సింగ్ అసిస్టెంటు నన్ను ముందు డాక్టరు దగ్గరికి నడిపించాడు.

పదో రోజు సుబేదారు ఆర్డరు వచ్చింది. "రోజూ సాయంత్రం ఆరుకు ఫోను చేస్తాను. నిజం చెప్పల్ల."

పక్కూళ్లోని ఇంటికొచ్చిన మూడో వారం. భార్య పని మీద తిరువళ్లూరు పోయింది. విందుకని బావ నా క్యాంటీన్ కోటా రమ్ము అడిగాడు. మాజీ సైనికుడి బావకు అది పుట్టుకతో వచ్చిన హక్కు. కాదనలేక తెచ్చిపెట్టాను. బయట వాన. ఐదూ యాభైకి మూత తిప్పాను.

ఆరుకు ఫోను మోగింది.

"రిపోర్టు?"

"ఆల్..." సీసా వైపు చూశాను. "ఓకే కాదు, సాబ్. సీసా ఎదురుగా ఉండాది. మూత తీసినాను."

"తాగినావా?"

"ఇంకా లేదు."

"వాకిట్లోకొచ్చి నిలబడు. వస్తాండాము."

నిలబడ్డాను. భయంతో, సిగ్గుతో తడిశాను. ఆరూ నలభైకి వాళ్లొచ్చారు. సీసాను వంటాయన తూములో వంపేసి, అందరికీ రసం వడ్డించాడు. బావ ఇప్పటికీ నాతో సరిగా మాట్లాడడు.

ఇప్పుడు కొత్తగా మానినవాళ్లకు ఆరు గంటల ఫోన్లు నేనూ చేస్తున్నాను. ఎన్ని చేసినా ఆ సాయంత్రం కళ్ల ముందు నుంచి పోదు. దారి మునిగిపోవడంతో వాళ్లు చేని గట్టు మీద వస్తున్నారు. ముందు టిఫిన్ క్యారియరుతో వంటాయన, తర్వాత కుంటుతూ డ్రైవరు, నర్సింగ్ అసిస్టెంటు, సుబేదారు. మందుపాతరలున్న చోట నడిచిన అలవాటు, మనిషికీ మనిషికీ ఐదడుగుల ఎడం. అందరికన్నా వెనక, సరిగ్గా ఐదడుగుల ఎడంలో, చెప్పులు చేత పట్టుకొని, రైలు దిగి వస్తున్న నా భార్య.