ఎడమ చక్రం, సుగుణమ్మ కాలు

2023 జనవరి. నాంపల్లిలో నుమాయిష్, అంటే ఏటా జరిగే ఎగ్జిబిషన్, నడుస్తున్న రోజులు. ఆ రోజుల్లో మా గల్లీల్లో మనిషికి నిలబడే చోటు దొరుకుతుందేమో గానీ కారుకు దొరకదు. నేనప్పటికే షెడ్డు మూసేసి, పిలిచినవాళ్ళ ఇళ్ళకు పోయి బండ్లు బాగుచేస్తున్నాను. వాసన చూసి బండి రోగం చెప్పే మెకానిక్ నాంపల్లి మొత్తంలో యాదగిరి ఒక్కడేనని అందరూ అనేవారు. అందరూ అంటే, ముఖ్యంగా నేను.

ఒక పొద్దున నర్సింగరావు సేట్ ఫోన్ చేశాడు. ఆయనకు అబిడ్స్‌లో కళ్ళద్దాల దుకాణం. కారు కదలడం లేదన్నాడు. తెలిసిన షెడ్డుకు లాగించమన్నాను.

"జాగా పోతది యాదగిరీ. దసరా కాన్నుంచి కాపాడుకుంట వస్తున్న. ఏం జేసినా గీడనే జెయ్యి" అన్నాడు.

అక్కడికి పోయాక సంగతి తెలిసింది. దసరాకు బండిపూజ చేసి, ఇంటి ముందు గోడకు ఆనించి పెట్టాడు. బయటికి తీస్తే ఎవరైనా ఆ చోట దూరుతారని మళ్ళీ తీయలేదు. తాను ఆటోలో దుకాణానికి పోతాడు, కారు ఇంటి ముందు కూర్చుంటుంది. అయితే వారం కిందట, సేట్ దుకాణంలో ఉండగా, ఆయన భార్య సుగుణమ్మ బండి తీసుకొని మెహదీపట్నంలో చెల్లెలింటికి పోయొచ్చింది. యాభై దాటాక పట్టుబట్టి డ్రైవింగ్ నేర్చుకొని లైసెన్సు తెచ్చుకున్న మనిషి. ఇల్లు చేరేసరికి ముందు చక్రం దగ్గర పొగ. మర్నాటికి బండి కదలనని మొండికేసింది.

సేట్ తీర్పు అప్పటికే అయిపోయింది. ఆమె బ్రేకు మీద కాలు పెట్టి నడిపి కాల్చేసిందట. వచ్చే ఆదివారం చెల్లెళ్ళిద్దరినీ ఎక్కించుకొని వేములవాడ పోతానని ఆమె మాటిచ్చింది. మెకానిక్ కూడా అదే మాటంటే తాళంచెవి బీరువాలోకే, ఇక ఆమె చేతికి రాదు. ఈ షరతు ఇద్దరూ నా ఎదురుగానే మళ్ళీ ఒకసారి ఖరారు చేసుకున్నారు. జడ్జీలాగా నాకు కుర్చీ వేసి చాయ్ ఇచ్చారు.

వెనక చక్రాలకు రాళ్ళు పెట్టి, ముందు భాగం జాకీతో లేపి, కింద స్టాండు నిలబెట్టి ఎడమ చక్రం విప్పాను. ఇక్కడ రెండు మాటలు చెప్పాలి. చక్రంతో పాటు తిరిగే ఇనుప పళ్ళెం పేరు డిస్క్. దాన్ని రెండు పక్కలా ప్యాడ్లతో పట్టుకునే పట్టకారు క్యాలిపర్. పెడల్ తొక్కితే క్యాలిపర్ లోపలి పిస్టన్ జరిగి ప్యాడ్లను నొక్కుతుంది, కాలు తీస్తే వదిలేయాలి. వదలకపోతే బండి బ్రేకు పట్టుకునే పరుగెత్తుతుంది, కాలిపోతుంది. సుగుణమ్మ బండిలో డిస్క్ నీలంగా మాడింది, ప్యాడ్లు బొగ్గులా ఉన్నాయి.

ఇక్కడినుంచి నేను ఈ కథను మామూలుగా ఎట్లా చెప్తానంటే: మాడిన ప్యాడ్‌ను ముక్కు దగ్గర పెట్టుకొని, కళ్ళు మూసుకొని, "సేట్, తప్పు అమ్మది కాదు" అన్నాను. గల్లీ గల్లీ అంతా మూగి చప్పట్లు కొట్టింది.

జరిగింది వేరు. చూస్తున్నవాళ్ళు పాలప్యాకెట్లు పట్టుకున్న ఒక పక్కింటాయన, ఒక మేక. నేనన్న మాట కూడా అది కాదు. కొత్తగా నేర్చుకున్నవాళ్ళు బ్రేకు మీద కాలు తీయరు, ఇట్లాంటివి చాలా చూశాననేశాను. సేట్ తాళంచెవి కోసం చేయి చాపాడు.

సుగుణమ్మ ఇవ్వలేదు. కొంగు నడుముకు దోపుకొని చక్రం దగ్గర కూర్చుంది.

"యాదన్నా, ఒక్క మాట చెప్పు. నేను బ్రేకు తొక్కితే ఎడమది ఒక్కటే పట్టుకుంటదా, రెండూ పట్టుకుంటయా?"

"రెండూ, అమ్మా."

"మరి నా కాలుకు ఈ ఎడమ చక్రం మీదనే ఏం కోపం? అటుదిగూడ ఇప్పి చూడు."

చాయ్ గ్లాసు పక్కన పెట్టాను. కుడి చక్రం విప్పాను. డిస్క్ తళతళ మెరుస్తోంది, ప్యాడ్లకు మాడిన జాడే లేదు. కాలు మీద పెట్టిన కేసు అక్కడే కొట్టేశాం.

ఎడమ క్యాలిపర్‌ను మళ్ళీ చూస్తే పిస్టన్ చుట్టూ ఉండే రబ్బరు చినిగి, లోపలంతా తుప్పు. గోడ పక్క చక్రానికి ఇంత నీరు ఎక్కడిదని అడిగాను. సుగుణమ్మ చెప్పింది. సేట్ రోజూ పొద్దున పైపు పట్టి బండి కడుగుతాడు, చక్రాల లోపలికి కూడా కొడతాడు, శుక్రవారమైతే పసుపు నీళ్ళు అదనం. తడిసిన బండి ఒక్క అడుగు నడవదు. నడిస్తే బ్రేకు వేడికి నీరు ఆరిపోయేది. ఎండ తగలని గోడ పక్కన అది తుప్పయింది.

"అభిషేకానికి జామైంది సేట్" అన్నాను.

"నలుగురు సూస్తరని కడిగిన గదా" అని గొణిగాడు.

పిస్టన్ బయటికి రావాలంటే పెడల్ మెల్లగా తొక్కాలి. సేట్ తానే తొక్కుతానని సీట్లో కూర్చున్నాడు. మెల్లగా అని నేనంటుండగానే ఒక్క తన్ను తన్నాడు. పిస్టన్ గోడ దాటి పక్క గల్లీలో పడిందని నేను చాలామందికి చెప్పాను. పడింది నా చెప్పు మీద. బ్రేకు ఆయిల్ మాత్రం నిజంగానే నా మీసం మీద పడింది. సుగుణమ్మ బకెట్లో నీళ్ళు తెచ్చి నా మొహం కడిగించి, భర్తను సీట్లోంచి లేపింది.

పిస్టన్‌కు తుప్పు పైపైనే ఉంది. గీకి, రుద్ది, కొత్త రబ్బర్లు, కొత్త ప్యాడ్లు తెప్పించి వేసి, నీలమెక్కిన డిస్క్ కూడా మార్చి బిగించాను. మిగిలింది పైపుల్లోని గాలి తీయడం. ఒకరు పెడల్ తొక్కి పట్టాలి, నేను కింద నట్టు వదిలి గాలి పోనిచ్చి బిగించాలి, అప్పుడే కాలు తీయాలి. ముందే తీస్తే గాలి మళ్ళీ లోపలికి పోతుంది. ఈసారి సీట్లో సుగుణమ్మ కూర్చుంది. నేను "పట్టు" అంటే పట్టింది, "వదులు" అనేదాకా వదలలేదు. నా షెడ్డులో పనిచేసినవాళ్ళలో కూడా ఇంత నికరమైన కాలు చూడలేదు. ఈ మాటలో అతిశయోక్తి లేదు.

చక్రాలు బిగించాక ఆమే బండి తీసి గల్లీ చివరిదాకా, అక్కడినుంచి ఎటో పోయింది. ఖాళీ అయిన జాగాలో సేట్ చేతులు చాపి నిలబడ్డాడు. చాలాసేపటికి ఆమె తిరిగొచ్చి, దిగి, ముందు రెండు చక్రాలనూ మునివేళ్ళతో తాకి చూసింది. రెండూ ఒకే తీరుగా గోరువెచ్చగా ఉన్నాయి. సేట్ అలవాటుగా చేయి చాపాడు. ఆమె తాళంచెవి తన పర్సులో వేసుకుంది.

"రోజు ఇడిచి రోజు నడుపుతా. ఇగ నడిపేటోళ్ళే కడుగుతరు" అంది.

ఆదివారం వేములవాడ పోయొచ్చి నాకు ప్రసాదం పంపింది.

చెడిన చక్రం సగం మాటే చెప్తుంది, మిగతా సగం బాగున్న చక్రాన్ని విప్పితేనే తెలుస్తుంది. ఇది నేను అనుభవంతో కనిపెట్టిన సూత్రమని కొత్త మెకానిక్‌లకు ఇప్పటికీ చెప్తుంటాను. కనిపెట్టింది ఎవరో మీకు తెలిసిపోయింది. వాళ్ళకు చెప్పకండి.