దుర్గయ్య వంగినంత దర్వాజ

అబిడ్స్ ఫుట్‌పాత్ మీద ప్యాంట్లు పొట్టి చేసే దుర్గయ్యకు ఏ గుమ్మం కనబడినా తల వంచే అలవాటు. పది అడుగుల షోరూం తలుపైనా సరే, వంగే లోపలికి పోతాడు. పక్కనే తాళాలు బాగుచేసే నాకు నవ్వాగదు.

తప్పు అతనిది కాదు, వాళ్ల ఊరి ఇంటిది. రెండు మూరల మందాన మట్టిగోడలు, గూనపెంకుల కప్పు, నడుమ ఆకాశం కనబడే వాకిలి. అంత ఇంటికీ దర్వాజ మాత్రం పొట్టిది. ఊరి పెత్తనం చేసే పటేల్ వచ్చినా తల వంచే రావాలని ముత్తాత పంతం పట్టి పెట్టించాడట. పటేల్ ఎన్నడూ రానేలేదు. నాలుగు తరాల ఇంటివాళ్ల మెడలు మాత్రం వంగాయి.

మొన్నటి వానలకు ముందుగోడ కూలింది. చెదలు తిన్న దర్వాజ పొడిపొడి అయింది. ఊళ్లో ఉండే తమ్ముడు ఇనుప తలుపు పెడదామంటే దుర్గయ్య అగ్గి మీద గుగ్గిలమయ్యాడు.

"గా దర్వాజ లేకుంటె గది మనిల్లెట్లయితదిరా?" అని ఫోనులోనే ఏడ్చాడు. పాత కొలతకే టేకుతో చేయిస్తానన్నాడు. ఆ కొలత ఎవరికీ తెలియదు.

నాంపల్లి వడ్రంగి బిచ్చయ్య ఉపాయం చెప్పాడు. "నువ్వు నడువన్నా. వంగినకాడ నేను కొలుస్త."

కొలుస్తున్నారని తెలిసేసరికి దుర్గయ్య ఒళ్లు బిగుసుకుంది. నాలుగు గుమ్మాలు నిటారుగా దాటేశాడు. పుట్టి బుద్ధెరిగాక అదే మొదటిసారి! నాకు ఒళ్లు మండి, చాయ్ తాగుదాం రమ్మని ఇరానీ హోటల్‌కు లాక్కుపోయాను. మాటల్లో పడి గుమ్మంలో వంగాడు. వెనకాలే వచ్చిన బిచ్చయ్య టక్కున టేపు సాచాడు.

వారానికి దర్వాజ తయారైంది. బిచ్చయ్య దుకాణం ముందు రోడ్డు పక్కనే నిలబెట్టారు. దుర్గయ్య వంగి, హాయిగా దాటాడు. బిచ్చయ్య మురిసిపోయాడు. దుర్గయ్య భార్య జంగమ్మ మాత్రం మూతి తిప్పింది.

"గిది మనది కాదు. జర కిందికుండాలె."

"నీకెట్ల ఎరుక?" అన్నాడు దుర్గయ్య.

"నీ నెత్తి మీది దెబ్బకు పసుపు పెట్టింది నేను గాదా? నువ్వు వంగినా గా దర్వాజ దినాం తాకుతుండె."

బిచ్చయ్య గొణుక్కుంటూ పైచెక్క విప్పి రెండు వేళ్లు దించాడు. దుర్గయ్య మళ్లీ వంగి నడిచాడు. ఠపీమని తగిలింది. నుదురు పట్టుకుని గడప మీదే కూలబడ్డాడు. కళ్ల నిండా నీళ్లు. నేను నీళ్ల సీసా పట్టుకుని ఉరికాను.

దుర్గయ్య దర్వాజను తడిమాడు.

"ఔ," అన్నాడు. "ఇంటికొచ్చిన."