పెద్దకోడలి చేప

లాండ్రీలో నాదీ చిన్నమ్మాయిదీ ఇస్త్రీ బల్లలు పక్కపక్కనే. పదకొండేళ్ళుగా తన ఆవిరి నేను, నా ఆవిరి తను పీలుస్తూ బతికాం. రెండో కోడలు కాబట్టి ఇంట్లో ఆమెను చిన్నమ్మాయి అంటారు, ఆ పిలుపే మాకూ అలవాటైంది. గలగలా మాట్లాడే మనిషి. కాలరు మీద మరక చూసి ఆ చొక్కా గలవాడి కాపురం ఎలా ఉందో చెప్పేసేది, మేం పొట్ట చెక్కలయ్యేలా నవ్వేవాళ్ళం. అలాంటి మనిషి ఏడాదిలో ఎలా అయిపోయిందో ఎవరికైనా చెబితే గానీ నాకు మనసు కుదుటపడేలా లేదు.

వాళ్ళింట్లో కోడళ్ళిద్దరూ చేపను ఆవిరి మీదే ఉడికించేవాళ్ళు, కానీ ఒకరి పద్ధతి ఒకరికి గిట్టదు. పెద్దకోడలు, ఇంట్లో పిలుపు పెద్దమ్మాయి, భర్త పోయినా ఆ ఇంట్లోనే ఉండిపోయిన మనిషి. ఒక కాలు ఈడుస్తూ నడిచేది, గొంతు బొంగురు. చేపకు గాట్లు పెట్టి, నిమ్మరసంలో పచ్చిమిర్చి, అల్లం నూరి పట్టించి, కండ తెల్లబడేదాకా అరగంట నాననిచ్చేది. మా చిన్నమ్మాయిది చింతపండు గుజ్జు, వేయించిన ఎండుమిర్చి, గుప్పెడు వెల్లుల్లి. "నీది చేపా, నిప్పుల కుంపటా?" అని ఆవిడ ఎత్తిపొడిస్తే, "నీది మాత్రం జ్వరమొచ్చినవాళ్ళకి పెట్టే పథ్యం" అని ఈవిడ. అత్తగారు ఎవరి పక్షమూ వహించకుండా రెండూ తిని చెయ్యి కడుక్కునేది.

అత్తగారు గుండె ఆపరేషనయి ఆస్పత్రిలో ఉన్న వారంలోనే పెద్దకోడలు బస్సు కింద పడి పోయింది. "ఇప్పుడు చెబితే ఆవిడ ప్రాణానికే ముప్పు" అన్నాడు డాక్టరు. ఇంటికి తెచ్చాక ముసలామె ముద్ద ముట్టలేదు. పెద్దమ్మాయి ఏదీ, అది తన చేత్తో చేప పెడితేనే తింటానని ఒకటే పట్టు. అసలే ఆమెకు చూపు ఆనదు. మూడోరోజు వేరే దారి లేక చిన్నమ్మాయి నిమ్మరసంతో చేప వండి, తోటికోడలి చీర కట్టుకుని, ఆవిడలాగే ఒక కాలు ఈడుస్తూ గదిలోకి వెళ్ళింది.

ముసలామె ఒక ముక్క నోట్లో పెట్టుకుని, "వచ్చావా పెద్దమ్మాయ్" అంది. చేపంతా తినేసింది.

ఒక్క పూటకే కదా అనుకుంది పిచ్చిది. కానీ తను తనలా వెళ్తే "పెద్దమ్మాయి ఏదే?" అని అత్తగారు నిలదీసేది. పెద్దదిలా వెళ్తే ఏ ప్రశ్నా లేదు. దాంతో ఆ గదిలోకి తనలా వెళ్ళడమే మానేసింది. పక్కనే వంటిల్లు, కాబట్టి అక్కడ నవ్వడం మానేసింది. ఘాటుకి గుట్టు బయటపడుతుందని ఎండుమిర్చి వేయించడమూ మానేసింది. చివరికి లాండ్రీలోనూ కాలు ఈడ్చడం, ఆ బొంగురు గొంతుతో మాట్లాడడం మొదలైంది.

"నిన్న మా ఆయన వెనక నుంచి చూసి నన్ను 'వదినా' అన్నాడు. ఇద్దరం హడలిపోయాం" అంది ఒకరోజు చొక్కా మడతపెడుతూ.

"ఎన్నాళ్ళే ఈ నాటకం? పోయినదాన్ని మోస్తూ నిన్ను నువ్వు చంపుకుంటావా? నిజం చెప్పెయ్!" అని కసిరాను.

"చెబితే ఆవిడ గుండె ఆగిపోతే? ఆ పాపం నువ్వు మోస్తావా అక్కా?"

ఇస్త్రీ పెట్టె అందుకుని ఇంకో చొక్కా పరిచాను.

పోయిన ఆదివారం మధ్యాహ్నం నన్ను భోజనానికి పిలిచింది. గిన్నె మూత ఎత్తగానే నిమ్మ వాసన ఇల్లంతా పరుచుకుంది. పళ్ళెం పట్టుకుని అత్తగారి గదిలోకి వెళ్ళింది, నేను గుమ్మంలో నిలబడ్డాను. ముళ్ళు తీసి ముక్క నోటికి అందించబోతుంటే ముసలామె ఆ చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"పెద్దమ్మాయ్, నిజం చెప్పు. చిన్నది పోయి ఎన్నాళ్ళయిందే?"

చిన్నమ్మాయి ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"నా గుండె బాగాలేదని దాచారు, తెలుసులే. దాని గొంతు విని ఏడాదైంది. బతికుంటే నా నోరు మండించే ఆ చేప ఒక్క పూటైనా పెట్టకుండా ఉంటుందా? ఎవరినీ అడగలేదు. ఒక్కదాన్నే ఏడ్చుకున్నా. ఇప్పుడు నువ్వు చెప్పు."

'అయ్యో, ఇదిగో నీ ముందే ఉంది' అని అరవబోయాను. చిన్నమ్మాయి నా వైపు తిరిగి వద్దని కళ్ళతోనే బతిమాలింది.

"ఏడాదైంది అత్తయ్యా" అంది.

"నా తల్లే, కడసారి చూపుకైనా నోచుకోలేదే" అంటూ ముసలామె ఆమెను గుండెకు హత్తుకుని భోరుమంది. చిన్నమ్మాయి కూడా తన కోసం తనే వెక్కి వెక్కి ఏడ్చింది.

చల్లారిన చేప తీసుకుని వంటింట్లోకి వచ్చాక ఆమె భుజం పట్టుకుని ఊపేశాను. "చూశావుగా! నీ చావు విన్నా ఆవిడ గుండె ఆగలేదు. పెద్దదాని సంగతీ తట్టుకుంటుంది. వెళ్ళి చెప్పు."

"ఎలా చెప్పను అక్కా? నా కోసం ఏడాది ఏడ్చింది. ఇప్పుడు పెద్దమ్మాయి కోసం మళ్ళీ మొదటినుంచి ఏడవమంటావా?" అని, చేపను మళ్ళీ ఆవిరి మీద పెట్టి మూత వేసింది.