పెద్దమ్మ చూపించిన లీమా

మొన్న మంగళవారం మధ్యాహ్నం మా తమ్ముడు మా ఊరు కల్మల నుంచి ఫోన్ చేసి, "అక్కా, పెద్దమ్మ పోయిందే. తిని పండుకున్నది, ఇగ లేవలే," అన్నాడు. నేనిప్పుడుండే రాయచూరులో బస్సెక్కి కిటికీ పక్కన కూర్చున్నాను. రోజూ చూసే దారే అయినా ఆ రోజు ఎంతకీ తరగలేదు.

మూడో నాడు కాకి ముట్టాలని పిట్టకు పెట్టేటప్పుడు ఆమెకు ఇష్టమైనవన్నీ వండారు. పెద్దమ్మ కోడలు, మా వదిన, విస్తట్లో ఆలుగడ్డ కూర వేయబోతే నేను చెయ్యి అడ్డం పెట్టాను.

"ఆమె ఆలుగడ్డ ముట్టక ఏండ్లయింది గదా, వదినా."

"ఔ, ఒకప్పుడు గిన్నె గీకి తింటుండె. మళ్ళ ఎందుకు ఇడిసిపెట్టిందో. షుగర్ వచ్చిందేమో అనుకున్నం."

షుగర్ కాదు. ఆ సంగతి నాకొక్కదానికే తెలుసు. అది చెప్పకుండా పెద్దమ్మ గురించి ఎంత రాసినా సగమే అవుతుంది కాబట్టి, ఇక్కడ మీకు చెబుతున్నాను.

పెద్దమ్మ మా అమ్మకు అక్క. అమ్మ చిన్న వయసులోనే పోతే నన్నూ తమ్ముణ్ణీ తనే పెంచింది. ప్రేమగా దగ్గరికి తీసుకునేదని అనుకునేరు. తిట్టకుండా అన్నం పెట్టింది తక్కువ. పత్తి చేలోంచి వచ్చి, కాళ్ళు కడుక్కుని, "ఊట అయిందా?" అని ముందు తిండి సంగతి అడిగేది, తరవాతే తిట్లు. బడికి పోను అంటే, "పోయి సూడు, సూడకుండనే ఎట్ల చెప్తవ్?" అనేది. దేనికైనా ఆమెది అదే మాట.

నా పెళ్ళయ్యాక మా ఆయనకు పెరూ దేశంలో, లీమాలో, సోలార్ పలకలు బిగించే కంపెనీలో పని దొరికింది. అక్కడే నేను నీళ్ళోసుకున్నాను. కాన్పు చెయ్యడానికి పెద్దమ్మ రావాలని ముందే అనుకున్నాం. పాస్‌పోర్టు కోసం ఇంటికొచ్చిన పోలీసాయన, "అవ్వా, గంత దూరం ఎందుకు?" అని అడిగితే, "మా బిడ్డ ఈడ కనదంట, నేనే పోవాలె," అని చెప్పిందట.

కానీ బిడ్డ ఆగలేదు. నెలలు నిండకముందే పుట్టింది. ఆడపిల్ల. ఆస్పత్రిలో అద్దాల పెట్టెలో కొన్నాళ్ళుంది, పేరు పెట్టకముందే పోయింది. మా ఆయన, ఆయనతో పనిచేసే ఇద్దరు తీసుకెళ్ళి మట్టి చేసి వచ్చారు. నన్ను తీసుకెళ్ళలేదు, ఆడవాళ్ళను తీసుకెళ్ళరు కదా. పెద్దమ్మను టికెట్టు రద్దు చేసుకోమని అందరూ అన్నారు. "బిడ్డ పోతే తల్లి గూడ పోయిందా ఏంది?" అని ఆమె విమానం ఎక్కింది.

వచ్చేసరికి నేను మంచం దిగడం మానేశాను. కిటికీ తెర తీస్తే కోపమొచ్చేది. వీధిలో ఎవరి చేతుల్లోనైనా పసిపిల్ల కనిపిస్తుందని భయం. పెద్దమ్మ తెచ్చిన జొన్నపిండితో రొట్టెలు చేసింది, వెల్లుల్లి కారం పెట్టింది, తిట్టింది. నేను దేనికీ కదల్లేదు. బాలింతను గడప దాటనివ్వకూడదని ఊళ్ళో అందరికీ గట్టిగా చెప్పే మనిషే ఒక పొద్దున నా చెవుల్లో దూది పెట్టి, తలకు శాలువా కట్టి, "నడు, ఊరు సూద్దం," అంది.

"బాలింతను పెద్దమ్మా, గాలి తగుల్తది."

"లోపల కూసుంటే బాలింతవు గాదు, ఖైదీవి. నడు."

ఆమె లీమాలో ఉండగలిగింది వీసా ఇచ్చినంత కాలమే. వెళ్ళేలోపు నేను ఒంటరిగా గుమ్మం దాటి బయటికి పోయి రావాలి, అదీ ఆమె పట్టుదల. నేను పోలేనని నాకు తెలుసు. అందుకే ఆమె వేలు పట్టుకుని మాత్రం తిరిగాను.

మొదట పెద్ద చౌకుకు వెళ్ళాం. అధ్యక్షుడి భవనం ముందర మధ్యాహ్నం పూట కాపలా సిపాయిలు మారుతారు, బ్యాండు మేళంతో, కాళ్ళు నడుము దాకా లేపి నడుస్తూ. జనం ఫొటోలు తీస్తున్నారు. "దర్వాజ కాడ నిలవడేటోళ్ళకు గిన్ని బాజాలేంది?" అని పెద్దమ్మ పెద్దగా అడిగింది. అక్కడ తెలుగు తెలిసినవాళ్ళు లేకపోవడం మా అదృష్టం. పాత ఇళ్ళకు గోడల్లోంచి ముందుకొచ్చిన చెక్క బాల్కనీలుంటాయి, నగిషీ జాలీలతో మూసి. లోపలి ఆడవాళ్ళు వీధిని చూడవచ్చు, వీధికి వాళ్ళు కనబడరు. ఆమె వాటి కింద చాలాసేపు నిలబడి, "నీలెక్క తలుపేసుకోని కూసోలే, పాపం, కిటికీ అన్న పెట్టుకున్నరు," అంది.

ఇంకో రోజు ఊరి నడుమ ఉన్న మట్టి గుట్టకు. రాజులు లేని కాలంలో కట్టిన గుడి అంటారు, పచ్చి ఇటుకలు పుస్తకాల్లాగా నిలబెట్టి పేర్చారు. గుడి అనగానే పెద్దమ్మ చెప్పులు గేటు దగ్గర విడిచేసింది. టికెట్లు చించే అమ్మాయి వాటిని చేతిలో పట్టుకుని మా వెనక పరుగెత్తుకొచ్చింది.

అంగడికి వెళ్ళినప్పుడు ఆలుగడ్డలు చూసి ఆమె ఒక్కొక్కటీ చేతిలోకి తీసుకుంది. ఊదావి, ఎర్రవి, పసుపువి, వేలంత సన్నవి. ఒక ముసలామె ఉడికించినది ఒకటి ఉప్పు చల్లి చేతిలో పెట్టింది. పెద్దమ్మ కళ్ళు మూసుకుని తిన్నది. తరవాత నా వైపు తిరిగి, "కాశీకి పోతే ఇష్టమైంది ఒకటి ఇడిసిపెట్టొస్తరు. నువ్వు ఒక్కదానివి బయటికి పోయొచ్చిన దినం, నేను ఆలుగడ్డ ఇడిసిపెడ్త," అంది. నాకు చచ్చేంత కోపం వచ్చింది. నా దుఃఖానికి కూరగాయతో బేరమా అనుకున్నాను.

ఆ కోపంలోనే మర్నాడు పాత చర్చికి వెళ్ళాం. కింద సొరంగం ఉందని బోర్డు మీద చదివి చెప్పాను. మా జిల్లాలోని ముదగల్ కోటలో సొరంగం ఉందని పెద్దమ్మ చిన్నప్పటి నుంచి వినడమే తప్ప ఎన్నడూ చూడలేదట. "ఈడనన్న సూద్దం," అని హుషారుగా నాకంటే ముందు మెట్లు దిగింది. కింద ఉన్నవి ఎముకలు. పాతకాలంలో ఊరి జనాన్ని పూడ్చిన చోటు అది. తొడ ఎముకలు ఒక చోట, పుర్రెలు ఒక చోట, లోతైన బావిలో గుండ్రంగా పేర్చి ఉన్నాయి. నేను గోడ పట్టుకున్నాను. పెద్దమ్మ చాలాసేపు వంగి చూసింది.

"ఈళ్ళ పేర్లేంది?"

గైడును అడిగి చెప్పాను, ఎవరికీ తెలియదని.

"పేరు లేకున్నా ఒకల పక్కకు ఒకలున్నరు గదా," అంది. నా వైపు తిరిగి, "మన పిల్ల గూడ ఈ ఊర్ల ఒంటరిది గాదు బిడ్డా," అంది.

పైకొచ్చాక ఆమె నన్ను నడవనివ్వలేదు. పోయినవాళ్ళ దగ్గరికి వెళ్ళొచ్చాక తలమీద నీళ్ళు పోసుకోకుండా ఇంట్లో అడుగు పెట్టకూడదు. మా దగ్గర ఉన్నవి తాగే నీళ్ళు. చర్చి ముందర, పావురాల మధ్య, యాత్రికులందరూ చూస్తుండగా నా శాలువా విప్పి ఆ సీసా నీళ్ళు నా నడినెత్తిన పోసింది. మిగిలినవి తన నెత్తిన పోసుకుంది. "ఇగ పోయొచ్చినం. నువ్వు గూడ పోయొచ్చినవ్," అంది. బిడ్డ పోయాక నేను నోరు తెరిచి ఏడ్చింది ఆ రోజే. పావురాలకు గింజలమ్మే ఆవిడ కాగితం రుమాళ్ళు తెచ్చి ఇచ్చింది, మేమేం చేస్తున్నామని అడగలేదు.

దీంతో అంతా తీరిపోయిందని రాస్తే అబద్ధం అవుతుంది. ఆ తరవాత కూడా ఆమె వేలు వదల్లేదు నేను. చివరి రోజు సముద్రం చూడ్డానికి వెళ్ళాం. అక్కడ ఊరు ఎత్తైన కొండ అంచున ఆగిపోతుంది, సముద్రం ఎక్కడో కింద ఉంటుంది. లీమాలో ఆ కాలంలో మబ్బే తప్ప వాన ఉండదు, ఎండా ఉండదు. పెద్దమ్మ పైనున్న బెంచీ మీద కూర్చుని కాళ్ళు పట్టుకుంది.

"నాతోని గాదు. నువ్వు పోయి నీళ్ళు ముట్టొచ్చి, ఎట్లున్నయో చెప్పు."

"నాకు చూడబుద్ధి కావడంలేదు, పెద్దమ్మా."

"సూడకుండనే ఎట్ల చెప్తవ్?"

మెట్లు దిగడం మొదలుపెట్టాను. కింద ఇసుక లేదు, అన్నీ గుండ్రటి రాళ్ళు. అల వెనక్కి పోతుంటే అవన్నీ ఒకదాని మీద ఒకటి దొర్లి చప్పుడు చేస్తున్నాయి. ఒకావిడ చంకలో పసిపిల్లతో నా పక్క నుంచే వెళ్ళింది. నేను నిలబడే ఉన్నాను. వంగి నీళ్ళు ముట్టుకున్నాను. చల్లగా ఉన్నాయి. ఆ మాట పెద్దమ్మకు చెప్పాలనిపించింది.

తిరిగి ఎక్కుతూ తల ఎత్తి చూశాను. అందరూ సముద్రం వైపు తిరిగి ఉన్నారు. పెద్దమ్మ ఒక్కతే నాకు వీపు పెట్టి, రోడ్డు వైపు తిరిగి కూర్చుంది. నేను దిగుతున్నప్పుడు ఆమె ముఖం కనబడితే వెనక్కి వచ్చేసేదాన్నని ఆమెకు తెలుసు. కొంగు తల మీదికి లాక్కుని, బెంచీ అంచును రెండు చేతులతో గట్టిగా పట్టుకుని ఉంది. నా అడుగుల చప్పుడు దగ్గరికి వచ్చేదాకా ఆమె తల తిప్పలేదు.