చిన్నాయన చేతులు

మొన్న ప్రొద్దుటూరులో నరాల డాక్టరు దగ్గరికి వెళ్లవలసి వచ్చింది. కాఫీ గ్లాసు పట్టుకుంటే నా వేళ్లు కాస్త వణుకుతున్నాయని మా ఆయన పోరు పెట్టి మరీ తీసుకుపోయాడు. నా కొడుకు ఈడు డాక్టరు నా ముంజేతిని తన చేతిలోకి తీసుకుని, మెల్లగా మడిచి, చాపి, మళ్లీ మడిచి, బిగుసుకోలేదమ్మా, ఇది వయసు వణుకే అని నవ్వేశాడు. మా ఆయన దేవుడికి దండం పెట్టుకున్నాడు. నేను మాత్రం చాపిన చెయ్యి వెనక్కి తీసుకోవడం మరిచిపోయి అలాగే కూర్చుండిపోయాను. ఎప్పుడో నా చదువుకునే రోజుల్లో, జమ్మలమడుగులో, ఇంకో డాక్టరు ఇలాగే మా చిన్నాయన చెయ్యి మడవబోతే అది మడతపడలేదు.

చిన్నాయన అంటే మా నాన్న తమ్ముడు. మాది నేతగాళ్ల వీధి, ఒకే సావిట్లో అన్నదమ్ములిద్దరి గుంట మగ్గాలు పక్కపక్కన ఉండేవి, ఆ చప్పుడు ఆగితేనే మాకు మెలకువ వచ్చేది. మా నాన్న పనిమంతుడే గానీ, చిన్నాయన చేతిలో ఉన్నది పనితనం ఒక్కటే కాదు. తెగిన పోగును ఆయన అతికితే ఆ ముడి ఎక్కడుందో వేలితో తడిమినా దొరికేది కాదు. మా చిన్నమ్మ, అంటే ఆయన భార్య, పక్కన కూర్చుని రాట్నం మీద కండెలు చుట్టి అందిస్తూ ఉంటే, ఆయన అడ్డపోగు నడిపించే నాడె విసురుతూ, నేను బడి నుంచి రాగానే నా జడ మీద ఏదో ఒక వెక్కిరింత విసిరేవాడు. ప్రొద్దుటూరు బట్టల అంగళ్లవాళ్లు పెళ్లిచీర కావాలంటే ముందు ఆయన ఖాళీగా ఉన్నాడా అని అడిగేవాళ్లు. ఇదంతా గొప్ప చెప్పుకోవడానికి కాదు, పోయిందేమిటో తెలియాలని చెబుతున్నాను.

నేను కాలేజీలో చేరిన ఏడాది ఆయనకు మగ్గం చప్పుడులో మాటలు వినిపించడం మొదలైంది. ముందు నవ్వులాట అనుకున్నాం. తరువాత తాయెత్తులు కట్టించాం, దర్గాకు తీసుకెళ్లాం, ఎవరో చెబితే ప్రార్థనలూ చేయించాం, చివరికి ఒక డాక్టరు మాత్రలిచ్చాడు. ఆ మాటలు వినిపించడం ఆగిపోయింది. వీధి వీధంతా వచ్చి చూసి, గమ్మున పని చేసుకుంటాండాడు, బాగయినాడప్పా అని సంబరపడింది. ఇక్కడే మేమంతా మోసపోయాం. మా వీధిలో మగ్గం ముందు నోరెత్తకుండా కూర్చున్న మనిషంటే పనిలో మునిగి ఉన్నాడనే లెక్క, అంతకన్నా తరచి చూసే అలవాటు ఎవరికీ లేదు. బట్ట పెరగడం లేదని మొదట పసిగట్టింది చిన్నమ్మ. కండెలు చుట్టినవి చుట్టినట్టే గంపలో ఉండిపోతున్నాయి. ఆయన నాడె చేతిలో పట్టుకుని, విసరాలని తెలిసి, విసరలేక కూర్చుంటున్నాడు. ఒక సాయంత్రం నన్ను పిలిచి, రెండు చేతులూ ముందుకు చాపి, "మ్మే, నా చేతులు యాడికి పోయినాయి?" అని అడిగాడు. నేను ఆ రెండు చేతులూ పట్టుకుని ఏడ్చేశాను.

ఆ మాత్రల వల్లే చేతులు బిగిశాయని, బిగుతు తగ్గడానికి డాక్టరు ఇంకో మాత్ర ఇచ్చాడు. దాంతో నోరెండిపోయి, చూపు మసకబారి, పోగు కనిపించేది కాదు. ఇక చిన్నమ్మ తన వైద్యం తాను కనిపెట్టుకుంది. పెళ్లి ముహూర్తాలు దగ్గరపడుతున్నాయనగా మాత్రలు ఆపేసేది, చేతులు వదులయ్యేవి, చీర నడిచేది, మాటలు తిరిగి వచ్చేలోగా మళ్లీ మాత్రలు మింగించేది. ఆ సందులో ఎన్ని చీరలు దిగాయో, ఆమె ఎంత భయపడి ఉంటుందో ఆమెకే తెలియాలి. ఒకసారి అంచనా తప్పింది. పోగులే తనను తిడుతున్నాయని చిన్నాయన కత్తి తీసుకుని మగ్గం మీద సాగదీసి ఉన్న నిలువు పోగులు, పడుగంతా కోసేశాడు. నేతగాడు పడుగు కోయడం మా వాళ్లు కనీ వినీ ఎరగరు. ఆ తరువాత నూలిచ్చి నేయించుకునే ఏ సావుకారూ ఆయనకు పడుగు ఇవ్వలేదు, చిన్నమ్మ కూడా మాత్ర ఆపే సాహసం చేయలేదు. ఆయన అరుగు మీద కూర్చునేవాడు, చొంగ కారితే తుడుచుకోవడానికి చెయ్యి లేపడం కూడా పెద్ద పనైపోయింది.

నేను కెమిస్ట్రీ చదివి, హైదరాబాదులో ఒక పరిశోధనశాలలో మెదడు మందుల విభాగంలో చేరడం యాదృచ్ఛికం కాదు, పట్టుబట్టి చేరాను. మా వీధివాళ్లకు నేను మందుల డాక్టరమ్మను, తలనొప్పికి మాత్ర అడిగేవాళ్లు, ఇవ్వలేనంటే ఇంకేం చదువని మూతి తిప్పేవాళ్లు. నిజానికి మేం చేసేది కొత్త పదార్థాలు తయారు చేయడం. మెదడులో డోపమైన్ అనే రసాయనాన్ని అందుకునే రిసెప్టర్లు ఉంటాయి. ఒకచోట వాటిని మూస్తే లేని మాటలు వినిపించడం ఆగుతుంది, ఇంకోచోట అవే మూతపడితే కాళ్లూ చేతులూ బిగుసుకుంటాయి. ఏది మనసు, ఏది చెయ్యి అని మందుకు తెలియదు. ఆ తేడా తెలిసిన మందు చేయాలని మా పంతం. ఒక అణువులో ఈ కొసన క్లోరిన్ తీసి ఫ్లోరిన్ పెట్టడం, ఆ కొసన పరమాణువుల ఉంగరం ఒకటి తగిలించడం, వారాల తరబడి మరిగించి, వడగట్టి, చిటికెడు తెల్లపొడి సంపాదించి ఎలుకల విభాగానికి పంపడం, వాళ్లు పనికిరాదనడం, మళ్లీ మొదటికి రావడం, ఇదే నా యవ్వనం.

ఎలుకల పరీక్ష చాలా చిన్నది. మందిచ్చిన ఎలుక ముందు కాళ్లు రెండూ ఒక కడ్డీ మీద పెడతారు. మామూలు ఎలుక వెంటనే దించేస్తుంది, పాత మందు పడిన ఎలుక కడ్డీ మీద కాళ్లు పెట్టుకుని అలాగే నిలబడిపోతుంది. ఆ నిలబడిన ఎలుకను మొదటిసారి చూసినప్పుడు నాకు మా సావిడి గుర్తొచ్చి, బయటికెళ్లి ముఖం కడుక్కున్నాను. చాలాకాలానికి మా పదార్థాల్లో ఒకటి పడిన ఎలుక టక్కున కాళ్లు దించేసింది. మళ్లీ పెడితే మళ్లీ దించింది. అందరం చిన్నపిల్లల్లా చప్పట్లు కొట్టాం. సెలవుకు ఇంటికెళ్లి మా నాన్నతో ఆ ముచ్చటే చెబుతుంటే చిన్నమ్మ గడప దగ్గర నిలబడి విన్నది.

మరునాడు ఆమె నన్ను పెరట్లోకి తీసుకెళ్లి, ఆ పొడి కొంచెం తెచ్చిపెట్టమని అడిగింది. పరీక్షలు ఇంకా మొదలే, గుండెకు ఏమవుతుందో, లివరుకు ఏమవుతుందో ఎవరికీ తెలియదు, మనిషికి ఇవ్వడానికి ఏళ్లు పడుతుందని నచ్చజెప్పాను. ఆమె చదువుకోలేదు గానీ, నా మాటలన్నీ ఓపిగ్గా విని, "ఎలకకు ఇస్తాండారు గదా పాపా, ఎలక కంటే కడేపోయినాడా మీ చిన్నాయన?" అంది. నేను ఇవ్వనన్నాను. ఆమె నా గడ్డం పట్టుకుంది, నేను తల అడ్డంగా ఊపుతూనే ఉన్నాను. అరుగు మీద నుంచి చిన్నాయన మమ్మల్ని చూస్తున్నాడు, ఆ బిగిసిన ముఖంలో ఏమనుకుంటున్నాడో కనిపెట్టడం కుదరని పని. ఆ తరువాత నాకు పెళ్లై, మా పాప చెవులు కుట్టించిన రోజు చిన్నమ్మ వచ్చింది, బిడ్డను ఎత్తుకుంది, మా ఇంట్లో మెతుకు ముట్టకుండా వెళ్లిపోయింది.

పరీక్షలు కుక్కల దాకా వచ్చాయి. అక్కడ మా పొడి గుండె లయ తప్పించింది, కొన్ని కుక్కలు చచ్చిపోయాయి. పని ఆపేశారు, సీసాలకు మూతలు బిగించి బీరువాలో పెట్టారు. నేను ఇవ్వకపోవడం సరైనదేనని తేలింది కదా, ఊపిరి పీల్చుకోవాలి. నాకు మాత్రం ఇంట్లో మనిషి పోయినంత దుఃఖం వచ్చింది. చిన్నాయన ఆ తరువాత కొన్నేళ్లకు, ఒక చలికాలం, ఛాతీలో నెమ్ము చేరి పోయాడు. మగ్గం మళ్లీ తాకలేదు.

చిన్నమ్మ పులివెందులలో తన తమ్ముడి ఇంట్లో ఉండేది. ఆమెకు నిజం చెప్పాలని, నా మీద కోపం పోగొట్టుకోవాలని కూడా, ఒకరోజు బస్సెక్కి వెళ్లాను. కుక్కల సంగతి దాచకుండా చెప్పాను. ఆ పొడి తెచ్చి ఉంటే చిన్నాయన నీ కళ్ల ముందే పోయేవాడేమో అన్నాను. ఆమె వేరుశనక్కాయలు ఒలుస్తూనే విన్నది. తరువాత కోపం లేకుండా, చాలా మామూలుగా, "సచ్చిపోయింటాడేమోలే పాపా. ఒక చీర నేసి సచ్చిపోయింటాడు గదా," అంది. ఒలిచిన గింజలు నా దోసిట్లో పోసింది, తిన్నాను, తిరిగి వచ్చాను. ఆ తరువాత ఎక్కువకాలం ఆమె కూడా బతకలేదు.

మా చేతుల్లో కాకపోయినా, ఎవరెవరి చేతుల్లోనో చివరికి ఆ రకం మందులు పండాయి. రిటైరయ్యాక మేం ప్రొద్దుటూరులో స్థిరపడ్డాం, మా ఇంటికి రెండు వీధుల అవతల ఒక టైలరు ఉన్నాడు. ఆయనకూ ఒకప్పుడు లేని మాటలు వినిపించేవట. కొత్త మాత్ర వేసుకుంటాడు, ఆ సంగతి వచ్చినవాళ్లకు తానే చెబుతాడు, ఎవరూ ముఖం తిప్పుకోరు. ఒళ్లు కాస్త పెరిగింది, అంతే, చేతులు మాత్రం చకచకా ఆడుతుంటాయి. నాకు అవసరం లేకపోయినా ఏదో ఒక జాకెట్టు గుడ్డ పట్టుకుని వెళ్లి, ఆయన ఒక్క విసురున సూదిలోకి దారం ఎక్కించడం చూస్తూ నిలబడతాను. సంతోషమేనా అంటే సంతోషమే. మా కాలంలో ఈ మందు లేకపోయిందే అన్న ఉడుకుమోత్తనం కూడా ఉంది, ఈ వయసులో దాన్ని దాచుకోవడం దేనికి. కానీ చిన్నమ్మ బతికి ఉంటే, ఆమెను చెయ్యి పట్టుకుని ఆ అంగడి ముందు నుంచి నడిపించే ధైర్యం నాకు ఉండేది కాదు.