తలుపు మూస్తేనే లేచే అద్దం

కార్ల కరెంటు పనిలో బొజ్జ మేస్త్రిని మించినవాడు మూడు లోకాల్లోనూ లేడు. కాకపోతే ఆ బొజ్జతో కారులో పట్టడు కనుక, ఏ అద్దమైనా తలుపు తెరిచే పరీక్షిస్తాడు. చెల్లెలి కారు అద్దం దానంతటదే లేస్తోందంటే వెయ్యిసార్లు స్విచ్చి నొక్కి చూశాడు.

"ఏ రోగమూ లేదే, తీసుకుపో."

"నీ దగ్గర బుద్ధిగానే ఉంటుంది అన్నయ్యా, రోడ్డెక్కితేనే దయ్యం పడుతుంది."

చెల్లెలు పాపను వెనక కూర్చోబెట్టి, తలుపు మూసి, ముందుకెళ్లి తాళం తిప్పింది. మామయ్యకి టాటా చెప్పాలని పాప కిటికీలోంచి తల బయటపెట్టింది. ఎవరూ స్విచ్చి ముట్టలేదు. అద్దం గుర్రుమంటూ పైకి లేచింది.

మేస్త్రి తలుపు లాగేశాడు. పాప గొంతుకి వెంట్రుకవాసి దూరంలో అద్దం ఆగింది. తలుపు మూసినప్పుడల్లా దాని కీలు దగ్గర చిట్లిన వైర్లు నలిగి ఒకదానికొకటి తగులుతున్నాయి.

"ఈ కారు కదలడానికి వీల్లేదు," అన్న మేస్త్రి, నిన్న ఇదే రోగమంటే ఇలాగే తలుపు తెరిచి చూసి పంపిన స్కూలు వ్యాను డ్రైవరుకి ఫోన్ కలిపాడు. ఎంతకీ ఎత్తడం లేదు.