పదమూడో బస్తా

జనగామ వైపు ఒక ఆఫీసులో నేను కంప్యూటర్ ఆపరేటర్‌ని. ఆ ఏడు యాసంగి కోతలకు ముందు వడగండ్లు పడ్డాయి. ఎవరి పొలంలో ఎన్ని కిలోల వడ్లు రాలిపోయాయో ఎక్సెల్‌లో ఎక్కించడం నా పని. ఆ జాబితాలో ఉన్నవాళ్లకే వానాకాలానికి ఉచితంగా విత్తనాలు.

మొత్తాలు పెద్దవై గడిలో పట్టక, అంకెలకు బదులు హ్యాష్ గుర్తులు వచ్చేవి.

"గింత పొడుగు నంబర్లు ఎవడు సదువుతడు? టన్నులల్ల జూపియ్" అన్నాడు మా ఆఫీసరు సారు.

అన్నీ మళ్లీ కొట్టే ఓపిక నాకెక్కడిది? ఫార్మాట్ డబ్బాలో ఒక సున్నా, దాని వెనక ఒక కామా పెట్టాను. లోపల కిలోలు అలాగే ఉంటాయి, కంటికి మాత్రం టన్నులు కనిపిస్తాయి. షీటు ముచ్చటగా తయారైంది. నా తెలివికి నేనే మురిసిపోయాను.

ప్రింటు తీసి ఇస్తే సారు ఎర్రపెన్నుతో కొన్ని పేర్లు కొట్టేశాడు. సున్నా నష్టమున్నోళ్లకు విత్తనాలెందుకు అన్నాడు. అన్నం వేళ అయింది. ఆ సున్నాలేమిటని నేను చూడలేదు.

విత్తనాలు పంచిన రోజు కొడకండ్ల దిక్కు తండా నుంచి ఒక అవ్వ వచ్చింది. ఆమెకు పన్నెండు బస్తాలు పోయాయి. బస్తాకు నలభై కిలోలు. అయినా జాబితాలో ఆమె పేరు లేదు. షీటు తెరిచి ఆమె గడి మీద నొక్కాను. గడిలో సున్నా, పైన పట్టీలో అసలు అంకె 480. ఐదు వందల కిలోలు లేనిదేదైనా ఆ కామాకు సున్నాయే. సిగ్గుతో చచ్చిపోయాను.

"ఉన్నదా బిడ్డా?"

"ఉన్నది అవ్వా. కాయితం మీద పడలే. ఇంకొక్క బస్తా పోయుంటే పడేది."

సారు దగ్గరికి పరుగెత్తాను. జాబితా పైకి పోయింది, విత్తనాలు ఒడిసినయి అన్నాడు. తిరిగొచ్చేసరికి అవ్వ మెట్ల మీద కూర్చుని ఉంది.

"పొలంకాడికొచ్చి రాసుకున్న సారు పదమూడా అనడిగిండు. రాలినయి ఒక బస్తా ఏరుకున్న, పన్నెండే రాయి అన్న" అంది. కొంగుతో మొహం తుడుచుకుంది. "మీరు విత్తనాలిస్తరని గా బస్తా గూడ బియ్యం పట్టిచ్చి తిన్నం."